అర్జీ కింద ఆ మాట కొట్టెయ్యండి

సోమవారం పొద్దున్న మహారాణిపేటలోని విశాఖ కలెక్టరేటుకు వెళ్లి, అర్జీల వరసలో నిలబడ్డవాళ్ల చేతుల్లో కాగితాలు చూడండి. పింఛను ఆగిపోయిన ముసలమ్మది ఒకటి. పాసుపుస్తకంలో సర్వే నంబరు తప్పు పడిన రైతుది ఒకటి. వీధిలో మురుగు కదలడం లేదని కాలనీవాళ్లంతా సంతకాలు పెట్టినది ఇంకొకటి. కష్టాలు వేరు, ఊళ్లు వేరు, చేతిరాతలు వేరు. పైన రెండు వరసలు, కింద ఒక్క వరస మాత్రం దాదాపు అన్నిటిలోనూ ఒకటే. పైన, 'గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారి దివ్య సముఖమునకు ఫలానా గ్రామ కాపురస్తులు వినయపూర్వకముగా విన్నవించుకొను అర్జీ ఏమనగా.' కింద, 'ఇట్లు, తమ విధేయుడు.'

ఆ మూడు వరసలూ కొట్టెయ్యాలి. అర్జీ పెట్టే మనిషి ఏ అధికారికీ విధేయుడు కాడు, విధేయురాలు కాదు. ఆ అధికారి జీతంలో ఆ ముసలమ్మ కొన్న సబ్బుబిళ్ల మీద పన్ను ఉంది, ఆ రైతు బండిలో పోయించుకున్న పెట్రోలు మీద పన్ను ఉంది. ఆ కుర్చీ జనం డబ్బుతో కొన్నది. ఆ మేడ జనం డబ్బుతో కట్టినది. జీతం ఇచ్చే మనిషి జీతం పుచ్చుకునే మనిషి ముందు నిలబడి, రావలసిన బాకీ అడుగుతూ, 'నేను మీ మాట జవదాటనివాణ్ణి' అని సంతకం పెట్టడం మర్యాద కానే కాదు. అది లొంగుబాటు. స్వాతంత్ర్యం వచ్చిన దేశంలో, కాగితం మీద, స్వహస్తాలతో, కార్బన్ కాపీ కూడా పెట్టి చేస్తున్న లొంగుబాటు.

ఉత్తరంలో మర్యాద వద్దని నేను అనడం లేదు. తెలుగు ఉత్తరానికి ఉన్న అందమైన మొదలు, ముగింపు నాకు ప్రాణం. 'చిరంజీవి' అని మొదలుపెడితే ఆ ఒక్క మాటలోనే దీవెన అయిపోయేది. 'పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది' అంటే కొడుకు కాళ్లకు దణ్ణం పెట్టాకే నోరు విప్పినట్టు. 'ఉభయకుశలోపరి' అన్నాక ఏ సంగతైనా చెప్పొచ్చు. శుభవార్త అయితే కాగితం నాలుగు మూలలా పసుపు. ఓడల మీద నెలల తరబడి తిరిగే కొడుకులకు, భిలాయి, రూర్కెలా ఉక్కు కర్మాగారాలకు పనికి పోయిన అన్నదమ్ములకు ఉత్తరాంధ్ర ఇళ్ల నుంచి వెళ్లిన ఇన్‌లాండ్ కవర్లలో ఆ మాటలే ఊరిని మోసుకెళ్లేవి. అక్కడ వంగడం ప్రేమతో వంగడం. తండ్రికి వంగాం, గురువుకి వంగాం. వాళ్లు తిరిగి 'ఆశీర్వదించి వ్రాయునది' అని బదులిచ్చారు. ఇచ్చిపుచ్చుకోవడం ఉంది కాబట్టి అది మర్యాద.

అదే పాత ఉత్తరంలో మనం సిగ్గుపడి వదిలేసినవి కూడా ఉన్నాయి, అవి మర్చిపోవద్దు. డబ్బూ హోదా ఉన్నవాడి పేరు ముందు 'మహారాజ రాజశ్రీ', దాన్ని కుదించి మ.రా.రా.శ్రీ. ఒక కులానికి 'బ్రహ్మశ్రీ'. కూలివాడికి ఉత్తరమే రాదు, కాగితంలో అతని పేరు రావలసి వస్తే వెనక 'గాడు' తగిలించేవారు. భర్త ఉన్న స్త్రీకి 'లక్ష్మీ సౌభాగ్యవతి', భర్త పోయిన స్త్రీకి 'గంగాభాగీరథీ సమానురాలు'. ఆ తల్లికి ఎవరు ఏ కబురు రాసినా, క్షేమసమాచారం కన్నా ముందు ఆమె వైధవ్యాన్ని ఆమె మొహం మీద రాసి పంపేవారు. ఇవన్నీ ఒకప్పుడు 'పద్ధతి' అనిపించుకున్నవే. మార్చితే కొంప మునుగుతుందని పెద్దలు భయపెట్టినవే. పోయాయి. ఎవరి కొంపా మునగలేదు. ఉత్తరం మొదటి వరసలో సమాజం తన ఎక్కువ తక్కువలు రాసుకుంటుంది, సమాజం మారితే ఆ వరస మారాలి. ఇళ్లలో మారింది. ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో చూడండి. ఇంగ్లీషు దొరల కాలంలో ప్రభుత్వపు ఉత్తరం కింద 'మీ మిక్కిలి విధేయుడైన సేవకుడు' అని రాసి సంతకం చేసే ఆచారం ఉండేది. ఆ దొరలు ఒకరికొకరు రాసుకున్నా అదే మాట, పైవాడు కిందివాడికి రాసినా అదే మాట. రెండు వైపులా రాస్తే ఏ మాటైనా అరిగిపోయి ఉత్త అలంకారం అవుతుంది. తరవాత వాళ్లే దాన్ని వదిలించుకుని పొట్టి మాటతో సరిపెట్టుకున్నారు. మన దగ్గర జరిగింది వేరు. ఆ సేవకుడి మాటకు జమీందారీ కచేరీల 'సముఖం' తోడైంది. రెండూ కలిసి అర్జీదారు తలకెక్కాయి. అటు నుంచి వచ్చే జవాబులో మాత్రం విధేయత ఊసే ఉండదు. 'మీ అర్జీ పరిశీలించబడినది' అని ఒక వాక్యం. పరిశీలించింది ఎవరో తెలియదు. ఇప్పుడు అది కూడా ఫోనుకు వచ్చే మెసేజి అయింది. ఈ చివర ఉన్న మనిషి దివ్య సముఖమునకు మోకరిల్లాలి. ఆ చివర ఉన్న మనిషి కనీసం పేరు కూడా చెప్పక్కర్లేదు. దీన్ని ఉత్తర మర్యాద అని నాతో ఎవరూ అనకండి.

ఇది విశాఖలో జరుగుతోందంటే నాకు ఇంకా కోపం వస్తుంది. జనం మాట్లాడే తెలుగు కాగితం ఎక్కాలన్న పోరాటం పుట్టింది ఈ గడ్డ మీదే. పర్లాకిమిడి నుంచి గిడుగు రామమూర్తి, విజయనగరం నుంచి గురజాడ అప్పారావు, విశాఖ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, బడుల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ కలిసి గ్రాంథికం కోటను కదిలించారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసి, పండితుల ముందు తలవంచలేదు. నూరేళ్లు దాటింది. కథలో వ్యావహారికం గెలిచింది. పత్రికలో గెలిచింది. పాఠ్యపుస్తకంలో గెలిచింది. అర్జీలో మాత్రం ఓడిపోయింది. 'విన్నవించుకొనుచున్నాను', 'తమరు దయతలచి', 'ప్రార్థించుచున్నాను' ఇంకా అక్కడ దర్జాగా బతికే ఉన్నాయి. ఏటా ఆగస్టు 29న గిడుగు బొమ్మకు దండ వేసే ఆఫీసులే మర్నాడు ఆ గ్రాంథికపు మోకరిల్లుడు కాగితాలను ముద్ర కొట్టి తీసుకుంటున్నాయి.

ఈ భాష జనానిది కాదు కనుకే జనం సొంతంగా అర్జీ రాసుకోలేకపోతున్నారు. నోటితో చెప్పమంటే కష్టం మొత్తం నాలుగు మాటల్లో చెప్పగలిగిన మనిషి, రాయమంటే భయపడి ఎవరినో వెతుక్కుంటాడు. చెప్పే మాటకు, రాసే మాటకు మధ్య ఉన్న ఆ సందులోనే దళారీ దూరుతున్నాడు. విశాఖ కోర్టుల్లో వకాలతు చేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి పేదవాడికీ కచేరీకీ మధ్య ఉన్న ఆ దూరాన్ని కథల నిండా చూపించాడు. ఆయన పోయి మూడు దశాబ్దాలు దాటినా ఆ దూరం తగ్గలేదు.

ఇక గాజువాక వైపు రండి. ఉక్కు కర్మాగారానికి 64 గ్రామాలు ఇచ్చిన జనం ఉన్న వైపు. 20 వేల ఎకరాలకు పైగా భూమి పోయింది. పొలాలు పోయాయి, జీడితోటలు పోయాయి, గుళ్లూ శ్మశానాలూ పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. భూమి ఇచ్చినవాళ్లకు ఆర్ కార్డులు ఇచ్చారు. ఆ కార్డు ఉంటే ఉద్యోగం వస్తుందన్నారు. కొందరికి వచ్చింది. వేలమందికి రాలేదు. ఆ నిర్వాసిత కాలనీల్లో తండ్రి రాసిన అర్జీ ఉంటుంది, ఆ తరవాత కొడుకు రాసిన అర్జీ ఉంటుంది. ఇనప్పెట్టెల్లో కట్టలు కట్టలుగా ఉంటాయి. కాగితం రంగు మారింది, అధికారి పేరు మారింది, టైపు పోయి కంప్యూటరు వచ్చింది. కింద 'తమ విధేయుడు' మాత్రం మారలేదు.

ఎవరికి విధేయుడు? ఎందుకు విధేయుడు? ఊరు ఊరంతా రాసిచ్చిన మనిషి ఇంకా ఏం మిగిలిందని విధేయత కూడా రాసిస్తున్నాడు? నేను అర్జీ రాసిపెట్టేటప్పుడు ఆ మాట తీసేద్దామంటే వాళ్లు నా చెయ్యి పట్టుకుంటారు. 'వద్దు బాబూ, అది లేపోతే ఆఫీసరుకి కోపమొస్తాది, పనవదు' అంటారు. ఆ భయం ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి గుమ్మాల దగ్గర నిలబెట్టి, నిలబెట్టి నేర్పిన భయం అది. వాళ్లను నేను తప్పు పట్టను. ఆ భయాన్ని కాగితం మీద మర్యాదగా చలామణీ చేయిస్తున్న వ్యవస్థను తప్పు పడతాను.

ఎందుకంటే ఆ కర్మాగారం విన్నపాలతో వచ్చింది కాదు. 1966లో ఈ ఊరు వీధుల్లోకి వచ్చి ఏమని అరిచింది? 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు.' ప్రార్థన అనలేదు, దయతలచమనలేదు. హక్కు అంది. ఆ అక్టోబరులో టి. అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న ఇక్కడ తుపాకులు పేలాయి, మనుషులు చచ్చిపోయారు. ఆ నినాదం రక్తం ఖరీదు పెట్టి కొనుక్కున్నది. అదే ఏడాది రాష్ట్రంలో తెలుగును అధికార భాష చేసే చట్టం కూడా వచ్చింది. హక్కు అన్న మాటా, తెలుగు అన్న మాటా ఒకే ఏడాది సంపాదించుకున్న జాతి, ఆ తెలుగులోనే ఆ హక్కును భిక్షగా అడుక్కోవడం ఎంత అన్యాయం! 2021 జనవరిలో కర్మాగారంలో వాటాలు అమ్మాలన్న నిర్ణయం వచ్చినప్పుడు కూర్మన్నపాలెం కూడలిలో కార్మికులు దీక్షా శిబిరం వేశారు. ఆ శిబిరం నుంచి, కార్మిక సంఘాల నుంచి వెళ్లిన కాగితాల కింద 'అభినందనలతో' అని ఉంటుంది, 'పోరాట అభివందనాలతో' అని ఉంటుంది. గుంపుగా ఉన్నప్పుడు నిటారుగా సంతకం చేసే మనిషే, ఇంటికొచ్చి ఒంటరిగా రేషను కార్డుకు అర్జీ రాస్తే విధేయుడైపోతున్నాడు. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడే హక్కు ఎక్కువ అవసరం.

ఈ ప్రాంతపు చరిత్రలో అధికారికి నిటారుగా ఉత్తరం రాసిన వాళ్లు లేరా? 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా మూడు రోజులు దాడి చేశాడు. తీసుకున్న తుపాకుల లెక్క ఠాణా పుస్తకంలో రాసి సంతకం చేశాడని, బాణానికి మిరపకాయలు కట్టిన టపాతో ముందే కబురు చేసేవాడని మన్యం ఇప్పటికీ చెప్పుకుంటుంది. తుపాకులు ఎత్తమని నేను చెప్పడం లేదు. సంతకం అలా ఉండాలని చెబుతున్నాను. ఇవాళ ఆయన పేరు పెట్టుకున్న జిల్లాలో, రోడ్డు లేక డోలీలో గర్భిణిని మోసుకొచ్చిన ఆదివాసీ, ఆ రోడ్డు కోసం రాసే అర్జీ కింద 'తమ విధేయుడు' అని రాయవలసి రావడం ఆ పేరుకే అవమానం.

అర్జీ ఎలా ఉండాలో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. మన పోర్టులోకి సరుకు ఓడ వచ్చినప్పుడు కెప్టెన్ ఒక కాగితం పంపిస్తాడు. నోటీస్ ఆఫ్ రెడీనెస్ అంటారు. ఓడ పేరు, వచ్చిన తేదీ, గంట, నిమిషం, సరుకు వివరం, ఎత్తడానికో దించడానికో సిద్ధంగా ఉన్నామన్న మాట. అంతే. అందుకున్నవాళ్లు టైము వేసి సంతకం చేస్తారు. ఒప్పందం ప్రకారం అక్కడి నుంచి గడియారం తిరుగుతుంది. అనుకున్న వ్యవధి దాటితే రోజుకింత అని డెమరేజి పడుతుంది. ఆ కాగితంలో కెప్టెన్ ఎవరి దివ్య సముఖమునకూ విన్నవించుకోడు. మర్యాద తప్పాడని ఎవరూ అనుకోరు కూడా. ఇనుప ఖనిజానికీ బొగ్గుకీ ఈ ఊళ్లో దక్కుతున్న గౌరవం పింఛను ఆగిన మనిషికి దక్కొద్దా? అర్జీ కూడా ఒక నోటీసే. నాకు రావలసింది ఇది, ఇవాళ తెలియజేశాను, ఇక ఆలస్యం మీ బాధ్యత అని చెప్పే నోటీసు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. రాజ్యాంగం 350వ అధికరణం చదవండి. తన కష్టం తీర్చమని కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ ఏ అధికారికైనా, అక్కడ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా రాసుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని అందులో ఉంది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. పది రూపాయలు కట్టి తెలుగులో అడగొచ్చు. ఎందుకు అడుగుతున్నావో చెప్పక్కర్లేదని 6వ సెక్షన్‌లోనే రాశారు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మోకరిల్లితేనే అర్జీ చెల్లుతుందని ఈ రెండు చోట్లా ఒక్క అక్షరం లేదు. లేని నిబంధనకు మనం తలవంచుతున్నాం.

మార్చినవాళ్లు ఉన్నారు. 2021లో కేరళలో పాలక్కాడ్ జిల్లా మాత్తూర్ గ్రామ పంచాయతీ, తమ ఆఫీసులో సార్, మేడమ్ అని పిలవక్కర్లేదని తీర్మానించింది. అర్జీలో అభ్యర్థిస్తున్నాను అనక్కర్లేదు, హక్కుగా అడుగుతున్నాను అని రాయొచ్చని చెప్పింది. 2023లో కేరళ ప్రభుత్వమే దరఖాస్తు ఫారాల్లో వినయంగా వేడుకుంటున్నాననే ధోరణి మాటలు తీసెయ్యమంది. 2006లో బార్ కౌన్సిల్, జడ్జీలను ప్రభువులని సంబోధించనక్కర్లేదంది. 2012లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ తన పేరు ముందు మహామహిమ అన్న బిరుదును పక్కన పెట్టించారు. దేశానికి ప్రథమ పౌరుడు మహామహిమ వద్దనుకుంటే, మండలాఫీసులో కూర్చున్న అధికారికి దివ్య సముఖం ఎందుకు? ఫ్రెంచి విప్లవం రోజుల్లో రాజరికపు ముగింపులన్నీ కొట్టేసి, ఉత్తరం కింద వందనం, సౌభ్రాతృత్వం అని రాసుకున్నారు. సంతకం పైన ఉండే మాట చిన్నది కాదని వాళ్లకు తెలుసు.

'ఇంతకన్నా పెద్ద సమస్యలు లేవా?' అని అడిగేవాళ్లకు ఒకటే జవాబు. ఆ పెద్ద సమస్యలన్నీ ఈ కాగితం మీదుగానే ఆఫీసులోకి వెళ్తాయి. భూమి, నీళ్లు, ఉద్యోగం, పింఛను, అన్నీ. కాగితం మొదటి వరసలోనే 'నేను తక్కువవాణ్ణి' అని ఒప్పుకుంటే, రెండో పేజీలో ఎంత న్యాయం ఉన్నా అది దయగానే వస్తుంది. దయగా వచ్చినదాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అధికారికి కూడా అది మంచిది కాదు. రోజూ వందమంది విధేయుల సంతకాలు చదివే మనిషికి తాను పనివాణ్ణన్న సంగతి మరుపున పడుతుంది. నిజాయితీగా పనిచేసే అధికారులకు ఈ మాటలు అక్కర్లేదు. అక్కర్లేదని వాళ్లే బయటికి చెప్పాలి.

బడి దగ్గర మొదలుపెట్టాలి. ఆరో తరగతి పిల్లకు జ్వరం వస్తే రాయించే సెలవు చీటీలోనే 'తమ విధేయురాలైన విద్యార్థిని' అని నేర్పిస్తున్నాం. ఒంట్లో బాగాలేదని చెప్పడానికి ఆ పిల్ల విధేయత ప్రకటించాలా? తెలుగు మాస్టార్లూ, టీచరమ్మలూ, ఆ నమూనా మార్చండి. 'ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారం. నాకు జ్వరం. రెండు రోజులు బడికి రాలేను' అని రాయించండి. కింద పేరు, తరగతి. ఆ పిల్ల గౌరవంగా రాయడం నేర్చుకుంటుంది, నిజం చెప్పడం నేర్చుకుంటుంది. పెద్దయ్యాక అర్జీ కూడా అలాగే రాస్తుంది.

అర్జీకి కావలసింది కూడా అంతే. 'జిల్లా కలెక్టరు గారికి నమస్కారం.' ఆ గారు చాలు, ఆ నమస్కారం చాలు. మనిషికి మనిషి ఇచ్చే గౌరవం అందులో పూర్తిగా ఉంది. తరవాత విషయం, తేదీలు, ఏ ఉత్తర్వు ప్రకారం రావాలో ఆ నంబరు, ఏ తేదీలోగా జవాబు కావాలో ఆ మాట. కింద 'ఇట్లు', పేరు, అర్జీదారు. అర్జీలు రాసిపెట్టే మిత్రులారా, ముద్రించిన ఫారాలు అమ్మే జిరాక్సు షాపుల యజమానులారా, ఈ మార్పుకు మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇవాళే చెయ్యండి. అర్జీదారు భయపడితే 350వ అధికరణం చదివి వినిపించండి.

కలెక్టరు గారూ, మహా విశాఖ నగర పాలక సంస్థ కమిషనరు గారూ, పోర్టు, ఉక్కు కర్మాగారం పెద్దలూ, మీకు కూడా నేరుగా చెబుతున్నాను. మీ గుమ్మాల దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టండి. ఇక్కడ అర్జీలో విధేయుడు, దివ్య సముఖం, ప్రార్థన అన్న మాటలు రాయనక్కర్లేదని, రాయకపోతే అర్జీకి ఏ నష్టమూ రాదని రాయండి. మీరిచ్చే జవాబులో అర్జీ అందిన తేదీ, పని పూర్తయ్యే తేదీ, బాధ్యుడైన అధికారి పేరు వేయండి. పరిశీలించబడినది అని తప్పించుకోకుండా, నేను పరిశీలించాను అని రాసి సంతకం చెయ్యండి. జనం కాగితాన్ని జనం కాగితంగా చదవడం మీ ఉద్యోగం. మా విధేయత ఆ ఉద్యోగంలో భాగం కాదు, ఇక మా సంతకాల పైన అది ఉండదు.